మూడేళ్ళు పూయని మల్లె పొదలు: ఒక పెరటి తోట కేస్ స్టడీ

2023 సెప్టెంబరులో టీచరుగారు ఫోన్ చేసి మొదట అన్న మాట ఇది: “ఇంట్లో నాలుగు మల్లె పొదలు పెట్టుకుని మూడు ఉగాదులకూ పూలు బజార్లో కొన్నాను బాబూ. నాకు చిన్నతనంగా ఉంది.” లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు. సికింద్రాబాద్ వైపు ఒక పాత కాలనీలో రెండు వందల గజాల సొంత ఇల్లు. మాట్లాడుతూనే వాట్సాప్‌లో ఆకుల ఫొటో పంపించారు. ఆకులు పసుపు పచ్చగా ఉన్నాయి. నేనప్పుడు బస్సులో నిలబడి ఉన్నాను, ఫోను తెర చిన్నది, దిగాల్సిన స్టాపు దగ్గర పడుతోంది. “నత్రజని తక్కువైంది టీచరుగారూ, కాస్త యూరియా వేయండి” అనేశాను.

ఈ కేసు రాయడానికి కూర్చుంటే ముందుగా ఒప్పుకోవలసింది ఆ తప్పే. ఇళ్ళకు వెళ్ళి తోటలు చూసి సలహాలు చెప్పడం నా వృత్తి. ఫొటో చూసి మందు చెప్పకూడదని నేనే పదిమందికి చెబుతాను. టీచరుగారేమో చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. ఊరి నుంచి బంధువులు తెచ్చిన యూరియా బస్తా ఇంట్లోనే ఉంది. పదిహేను రోజులకోసారి పొదకు గుప్పెడు చొప్పున వేస్తూ వచ్చారు.

నేను ఆ ఇంటికి వెళ్ళింది నవంబరు 18న, దీపావళి వెళ్ళిన శనివారం. తూర్పు ప్రహరీ వెంట ఇరవై అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడి. అందులో నాలుగు బొండుమల్లె పొదలు, పదకొండేళ్ళ కిందట కడియం నుంచి తెచ్చినవి. మడి చివర ఒక దేవగన్నేరు, దాని నీడన గుంపుగా అమరిల్లిస్ లిల్లీ దుంపలు. మేడమీద సిమెంటు కుండీలో ఇంకో మల్లె, పక్కన ఒక ఖాళీ కుండీ. “అందులో మే ఫ్లవర్ దుంప ఉండేది, పోయినట్టుంది” అన్నారు. అన్నీ బహువార్షికాలే. అన్నీ ఫాల్గుణానికీ వైశాఖానికీ మధ్య పూయవలసినవే. అన్నీ మొండికేశాయి. రకరకాల మొక్కలు ఒకేసారి మొండికేశాయంటే తెగులు కన్నా ముందు ఇంటి అలవాట్లను చూడాలి.

మల్లె పొదలు నా ఎత్తున ఉన్నాయి. కార్తీక మాసంలో మల్లె అంత కళకళలాడుతూ ఉండకూడదు. కింది ఆకులు అరచేతిలో సగం వెడల్పున, ముదురు పచ్చగా ఉన్నాయి. పైనుంచి రెండేసి అడుగుల లేత రెమ్మలు తీగల్లా సాగి గోడ మీద వాలాయి. ఆ రెమ్మల కొసన ఉన్న ఆకులు మాత్రం పాలిపోయి ఉన్నాయి. ఒకటి తుంచి ఎండకు ఎత్తి పట్టుకుంటే ఈనెలన్నీ గీత గీసినట్టు పచ్చగా, ఈనెల మధ్య మేర నిమ్మపండు రంగులో కనిపించింది.

ఫొటోలో నేను చూడనిది అదే. నత్రజని తక్కువైతే ముందు ముదురాకు పండుతుంది. ఎందుకంటే మొక్క ముదురాకులోని నత్రజనిని లాగి లేతాకుకు పెట్టుకోగలదు. ఇనుమును అలా లాగలేదు. అందుకని ఇనుము అందకపోతే లేతాకే పాలిపోతుంది, ఈనెలు పచ్చగానే మిగులుతాయి. ఇంట్లో అన్నం తక్కువైతే పెద్దవాళ్ళు తమ కంచంలోది పిల్లలకు పెడతారు కదా, నత్రజని లోపం అలాంటిది టీచరుగారూ అన్నాను. ఆవిడ నవ్వలేదు. “అయితే మీరు చెప్పిన యూరియా?” అని అడిగారు. తప్పు నాదేనని చెప్పాను.

ఇనుము ఎందుకు అందలేదో వంటగది కిటికీ దగ్గర తేలింది. తాగునీటి ఆర్‌ఓ మిషను వదిలేసే నీటి పైపును కిటికీలోంచి తిన్నగా మల్లె మడిలోకి వదిలారు. నీళ్ళు వృథా కాకూడదని మూడున్నరేళ్ళ కిందట వాళ్ళ అబ్బాయి చేసిన ఏర్పాటు. వినడానికి మంచి పనే. కానీ ఆర్‌ఓ మిషను మంచినీటిలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ వదిలే నీటిలోనే పోతాయి. బోరు నీటిలో మీటరు పెడితే టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల లెక్క, 910 చూపించింది, పైపు నీటిలో 1,840. మడి మట్టి ఉదజని సూచిక (pH) 8.2. అంత క్షార గుణం ఉన్న మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకునే రూపంలో ఉండదు. పైగా ఆ పైపు పగలూ రాత్రీ బొట్లు బొట్లుగా కారుతూనే ఉంటుంది, చలికాలంలో కూడా.

మల్లె పూయకపోవడానికి అసలు కారణం ఆ చివరి మాటలో ఉంది. మల్లె మొగ్గ వచ్చేది కొత్త పక్క రెమ్మ కొసన. పాత రెమ్మ ఎంత పొడవు సాగినా దాని కొస మొగ్గ వేయని గుడ్డి కొసే. డిసెంబరులో నీరు ఆగితే పొద ఎదుగుదల ఆపి ఆకు రాలుస్తుంది, తయారు చేసుకున్న ఆహారాన్ని కాండంలో దాచుకుంటుంది. అప్పుడు కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, నీరు పెడితే పక్క కణుపులన్నీ ఒక్కసారిగా చిగురిస్తాయి. ఆ చిగుళ్ళ కొసలే వసంతంలో పూలు. ఈ పొదలకు మూడు చలికాలాలుగా ఎవరూ సెలవు ఇవ్వలేదు. నీరు ఆగలేదు, కత్తెర పడలేదు. ఆఖరున నా యూరియా కూడా తోడైంది. అవి ఆకులు వేసుకుంటూ కూర్చున్నాయి.

నిజానికి ఈ వృత్తిలో నేను చూసే కేసుల్లో సగానికి పైగా పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవి కావు, ఎక్కువ పట్టించుకోవడం వల్ల వచ్చినవి. వీడియోల్లో చూసి కాఫీ పొడి, అరటితొక్కల నీళ్ళు, మజ్జిగ, ఎప్సం ఉప్పు అన్నీ వంతులవారీగా పోసేవాళ్ళకు “ఇరవై రోజులు ఏమీ చేయకండి” అని చెప్పడం అన్నిటికన్నా కష్టం.

టీచరుగారి దగ్గర ఆ కష్టం ఇంకో రూపంలో వచ్చింది. నీళ్ళు ఆపడానికి ఒప్పుకున్నారు గానీ కత్తిరించడానికి ఒప్పుకోలేదు. “పూయని పొదను నరికితే ఇంకేం పూస్తుంది?” అన్నారు. అప్పుడు మైలవరం సంగతి చెప్పాను. అక్కడి మల్లె తోటల మీదే నేను ఈ పని నేర్చుకున్నాను. చలికాలంలో నీరు కట్టడం ఆపేసి, ఆకు దూసేస్తారు. కొందరు గొర్రెలను తోలి ఆకంతా మేపిస్తారు. సంక్రాంతి ముందు చూసినవాడు తోట చచ్చిపోయిందనుకుంటాడు. రెండున్నర నెలల తరువాత అదే తోటలో కోసేవాళ్ళ చేతులు చాలవు. “గొర్రెలా!” అన్నారు కోడలు గుమ్మంలోంచి. టీచరుగారు మాత్రం ఒక్క పొద కొసను చేతిలోకి తీసుకుని, నేను చూపించిన ఎండిన పాత తొడిమను, అది కూర్చున్న కణుపును చాలాసేపు చూశారు. “అంటే పువ్వు పూసిన చోటు మళ్ళీ పూయదు” అన్నారు. అంతే, కత్తెరకు అనుమతి దొరికింది.

మల్లెకు చేసినది

ఆర్‌ఓ పైపును ఆ రోజే మడిలోంచి తీయించి బకెట్లోకి పెట్టించాను, ఇల్లు తుడవడానికి ఆ నీళ్ళు పనికొస్తాయి. డిసెంబరు 10 నుంచి మడికి చుక్క నీరు లేదు. మొదటి వారం ఏ మార్పూ కనిపించలేదు. రెండో వారం చివర ఆకులు వేలాడాయి, ఆ తరువాత పండి రాలడం మొదలైంది. టీచరుగారు రోజూ ఫోన్ చేసేవారు. కొమ్మ మీద గోటితో గీరి చూడండి, కింద పచ్చగా ఉంటే భయం లేదు అని చెప్పాను. రోజూ గీరి చూసేవారట. జనవరిలో నేను వెళ్ళేసరికి ఒక్కో కొమ్మకు నాలుగైదు గోటి గీతలున్నాయి.

జనవరి 6న కత్తిరింపు. నేల నుంచి అడుగున్నర ఎత్తు వదిలి పైదంతా తీసేశాము. ఎండు పుల్లలను, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలను, మొదట్లోంచి లేచిన సన్న రెమ్మలను కూడా తీసేశాము. మిగిలిన ఆకును చేత్తో దూసేశాము. పొదకు ఐదు కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, పావు కిలో వేపపిండి, వంద గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు, యాభై గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్. మామూలుగా అయితే చవకైన మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేయిస్తాను. కానీ దానిలో క్లోరైడు ఉంటుంది, ఈ మడిలో లవణాలు అప్పటికే ఎక్కువ. యూరియా బస్తాను మాత్రం మళ్ళీ వచ్చిన ఊరికే పంపించమన్నాను.

తరువాత పెట్టిన మొదటి తడి మామూలు తడి కాదు. మున్సిపల్ నీటిని మడి నిండా పెట్టి, ఇంకిన తరువాత మరోసారి నిండుగా పెట్టించాను. పేరుకున్న లవణాలు వేరు కిందికి దిగాలి కదా. అక్కడి నుంచి మూడు రోజులకోసారి. జనవరి 25 నాటికి కణుపుల దగ్గర ఆవగింజంత ఎర్రని చిగుళ్ళు. ఫిబ్రవరి మొదటి వారంలో లేతాకు ఇంకా కొంచెం పాలిపోయినట్టే వస్తుంటే లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఇనుమునిచ్చే ఫెర్రస్ సల్ఫేటు), గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయించాను. పది రోజుల తేడాతో మూడుసార్లు. రథసప్తమి నాటికి ఆకు రంగు తిరిగింది.

మిగతా మొక్కల సంగతి చిన్నదే. దేవగన్నేరును ప్రతి సంక్రాంతికీ తోటమాలి నీటుగా గుండ్రంగా కత్తిరించేవాడు. ఆకు రాల్చి మోడుగా ఉన్న చెట్టును చూస్తే ఎవరికైనా కత్తిరించాలనిపిస్తుంది. కానీ దేవగన్నేరు పూగుత్తి వచ్చేది కొమ్మ కొసనే. ఆ కొసనే ఏటా తీసేస్తే గుత్తి ఎక్కడ నుంచి వస్తుంది? మల్లెకు కత్తెర కావాలి, దేవగన్నేరుకు వద్దు. ఒకే తోటలో, ఒకే నెలలో, పక్కపక్కనే ఉన్న రెండు మొక్కలకు రెండు చట్టాలు. తోటమాలికి ఈ ముక్క అర్థమయ్యేలా చెప్పడానికి చెట్టుకు ఎర్ర గుడ్డ కట్టవలసి వచ్చింది.

అమరిల్లిస్ దుంపలను డిసెంబరులో తవ్వి తీశాము. పదిహేడు దుంపలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. పెద్దవి మెడ దాకా కూరుకుపోయి ఉన్నాయి. పూలు అయిపోగానే ఆకులను జడలా ముడివేసేవారట, చూడడానికి బాగుండదని. ఆ ఆకే దుంపను నింపేది. ఈ దుంప నాలుగు ఆకులు వేశాక లోపల ఒక పూమొగ్గను కట్టుకుంటుంది. ఆకును ముడివేయడమంటే వచ్చే ఏడాది పువ్వును ముడివేయడమే. నిమ్మకాయ కన్నా పెద్దవి తొమ్మిది ఏరి, మెడ మట్టి పైకి ఉండేలా ఎండ పడే చోట నాటాము. చిన్నవాటిని పక్క వరుసలో పెంచడానికి పెట్టాము.

మొదటి మల్లెపువ్వు 2024 మార్చి 14న విచ్చింది. నాకు తెలిసింది మరునాడు, గోడ క్యాలెండరు ఫొటో ద్వారా. 14వ తేదీ గడిలో “11” అని ఉంది. అప్పటి నుంచి టీచరుగారు రోజూ సాయంత్రం కోసిన మొగ్గలను లెక్కపెట్టి గడిలో వేసేవారు. ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, ఆ గడిలో 96. ఏప్రిల్ 21న 164, ఆ ఏడాదికి అదే ఎక్కువ. కొన్నాళ్ళకు క్యాలెండరుతో తృప్తి పడక గ్రాఫు కాగితం తెప్పించారు. మల్లె విడతలు విడతలుగా పూస్తుందని నేను నోటితో చెబుతూ ఉంటాను. ఆ గ్రాఫులో మూడు గుట్టలు, రెండు లోయలు స్పష్టంగా కనిపించాయి. ప్రతి లోయలోనూ వాడిన కొసలను రెండు కణుపులు కిందికి తుంచమని చెప్పాను, తరువాతి గుట్టకు అదే పునాది.

ఊదారంగు మొగ్గలు

ఇక్కడితో ఆపితే మంచి కథ అవుతుంది, కేసు కాదు. మార్చి 28న వచ్చిన ఫొటోలో మొగ్గలు తెల్లగా లేవు. అడుగున ఊదారంగు తిరిగి, పొట్టిగా, లావుగా ఉన్నాయి. ఈసారి ఫొటో చూసి ఏమీ చెప్పలేదు, వెళ్ళాను.

మొగ్గ తొలిచే పురుగు అయితే మొగ్గకు గుండ్రని కన్నం ఉంటుంది, రెండు మూడు మొగ్గలు గూడుతో అతుక్కుని ఉంటాయి, లోపల ఆకుపచ్చని గొంగళి దొరుకుతుంది. వీటికి కన్నం లేదు. స్టీలు పళ్ళెంలో ఒక మొగ్గను పెట్టి బ్లేడుతో నిలువునా చీల్చాను. రేకులు గోధుమ రంగుకు తిరిగి మెత్తబడ్డాయి. తొడిమ దగ్గర, రేకుల గొట్టం మొదట్లో, బొంబాయి రవ్వ గింజలంత తెల్లని పురుగులు ఐదారు మెల్లగా కదులుతున్నాయి. టీచరుగారు కళ్ళజోడు పైకి పెట్టుకుని వంగి చూసి, “ఇంత చిన్నవా!” అన్నారు. ఇది మొగ్గ ఈగ. దోమకన్నా చిన్న ఈగ మొగ్గలో గుడ్లు పెడుతుంది, పురుగు ఎదిగాక కింద మట్టిలోకి దిగి కోశస్థ దశ గడుపుతుంది, మళ్ళీ ఈగ అయి పైకి వస్తుంది. అంటే చెట్టుమీద మాత్రమే మందు కొట్టి లాభం లేదు.

ఆ పూలు దేవుడి గదిలోకి వెళతాయి, మనవరాలి జడలోకి వెళతాయి. అందుకని పురుగుమందు వద్దనుకున్నాము. ఊదారంగు తిరిగిన ప్రతి మొగ్గనూ, నేలమీద రాలినదానితో సహా, రోజూ ఏరి పాలిథిన్ కవరులో మూతి కట్టి ఎండలో పెట్టాలి. పొద కింద మట్టిని రెండంగుళాలు గీరి వేపపిండి కలపాలి. వారానికోసారి సాయంత్రం లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి పిచికారీ చేయాలి. మొదటి రోజు కవరులోకి 58 మొగ్గలు వెళ్ళాయి. మూడు వారాల తరువాత రోజుకు ఎనిమిది, పది. సున్నా ఏ రోజూ కాలేదు. పక్క ఇళ్ళలోనూ మల్లెలున్నాయి, ఈగకు ప్రహరీ అడ్డం కాదు.

పోయిన మొక్క, దొరికిన మొక్క

మేడమీది కుండీ మల్లె చచ్చిపోయింది. నా వల్లే. నీళ్ళు ఆపండి అని చెప్పినప్పుడు మడి ఒక్కదానికే అని నేను విడదీసి చెప్పలేదు. నేలలోని వేరు నాలుగు వైపులా వెళ్ళి ఎంతో కొంత తేమ వెతుక్కుంటుంది. పన్నెండంగుళాల సిమెంటు కుండీలో వెతుక్కోవడానికి ఏముంది? డిసెంబరు ఎండే అయినా మేడమీద గోడ వేడికి కుండీ మట్టి వారంలో ఇటుకలా అయింది. జనవరిలో గోటితో గీరితే పచ్చదనం లేదు, పుల్ల కటుక్కున విరిగింది. కుండీ మొక్కకు నీరు తగ్గించాలి తప్ప ఆపకూడదు. మట్టి పైన అంగుళం ఆరాక సగం చెంబు, అంతే. ఈ తేడా నాకు తెలుసు. చెప్పలేదు, అదే తప్పు.

మే ఫ్లవర్ కథ దీనికి తలకిందులు. ఇది ఆఫ్రికా నుంచి వచ్చిన దుంప మొక్క. చలికాలమంతా మట్టిలో నిద్రపోతుంది, పైన ఆకు ముక్క కూడా ఉండదు. కుండీ ఖాళీగా ఉందని పనమ్మాయి ఏనాడో ఆ మట్టిని ఎరువు గుంత పక్కన కుమ్మరించింది. 2024 మే రెండో వారంలో, ఒక వాన పడిన నాలుగైదు రోజులకు, కొబ్బరి పీచు కుప్పలోంచి పిడికెడంత ఎర్రని పూబంతి లేచింది. ఎవరూ నాటలేదు, నీళ్ళు పోయలేదు. కోడలు దాన్ని తీసి కుండీలో పెట్టబోతే వద్దన్నాను. ఈ దుంపకు కదిలించడం నచ్చదు. ఇప్పుడు ఎరువు గుంతే దాని చిరునామా.

అమరిల్లిస్ తొమ్మిదింటిలో ఐదు ఆ ఏప్రిల్లో పూశాయి. 2025లో పక్క వరుసలోని చిన్నవాటితో కలిపి పదకొండు. దేవగన్నేరు మొదటి ఏడాది రెండే గుత్తులు వేసింది, అవీ తోటమాలి నిచ్చెనకు అందక వదిలేసిన పై కొమ్మల మీదే. రెండో ఏడాది లెక్కపెట్టలేదు, చెట్టు నిండుగా ఉంది.

మల్లెల్లో నాలుగో పొద మాత్రం మొదటి ఏడాది ఏ రోజూ ఏడు పూలు దాటలేదు. దక్షిణం వైపు ఖాళీ స్థలంలో నాలుగంతస్తులు లేచాయి. గంట గంటకూ ముగ్గుతో నీడ గీతలు గీసి చూస్తే దానికి దక్కుతున్న ఎండ రోజుకు మూడు గంటలే. మల్లెకు ఐదారు గంటలైనా కావాలి. దీనికి ఎరువుల్లో మందు లేదు. 2024 జూన్‌లో వేరు గడ్డతో తవ్వి మేడమీద రెండడుగుల డ్రమ్ములో పెట్టాము. మరుసటి వసంతానికి రోజుకు ఇరవై దాకా పూసింది.

ఆ రెండో చలికాలంలో టీచరుగారు నన్ను అడగకుండా ఒక ప్రయోగం చేశారు. 2025 ఉగాది మార్చి 30నే వస్తుందని ముందే చూసుకుని, నేలలో మిగిలిన మూడు పొదల్లో ఒకదాన్ని డిసెంబరు 21న, మిగతా రెండింటిని జనవరి 4న కత్తిరించారు. రెండు వారాల ముందు కత్తిరించినది రెండు వారాల ముందు పూయాలి కదా? తొమ్మిది రోజులే ముందు పూసింది. చలిలో చిగురు నడక నెమ్మది, ఎండ ముదిరాక వెనకవాళ్ళు అందుకుంటారు. ఉగాది గడిలో 71 పడింది. కిందటి ఏడాది 96 కదా అంటే, “పండుగ పది రోజులు ముందొచ్చింది, పొదలు మూడు. సరాసరి చూడండి” అన్నారు.

మొన్న మొగ్గ ఈగ సంగతి చూడడానికి వెళ్ళాను. వానాకాలపు విడతలోనూ ఊదారంగు మొగ్గలు కొన్ని దొరికాయి, పోరు ఇంకా సాగుతోంది. వస్తూ వస్తూ వంటింటి గోడ మీది క్యాలెండరులో డిసెంబరు పుట తిప్పి చూశాను. పదో తేదీ చుట్టూ ఎర్ర సిరా గుండ్రం. పక్కన టీచరుగారి అక్షరాలు: “నీళ్ళు ఆపాలి. డ్రమ్ముకు కాదు.”